సీలేరు నది – లోయ స్వరూపం, జలవిద్యుత్ కేంద్రాలు, డెల్టా సాగునీరు

తూర్పు కనుమలలో పుట్టి, ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల సరిహద్దు వెంట లోతైన లోయలలో ప్రవహించి, శబరి ద్వారా గోదావరిలో కలిసే నది సీలేరు. ఎగువ భాగంలో దీనికి మాచ్‌ఖండ్ అని పేరు. వర్షాకాలంలో ఈ లోయలోని జలాశయాలలో నిలిపిన నీరు వరుసగా పలు కేంద్రాలలో విద్యుత్తును ఉత్పత్తి చేసి, రబీ పంట కాలంలో గోదావరి డెల్టాకు సాగునీరుగా చేరుతున్నది. అందువల్ల సీలేరు జలాశయాలలో నీటిని ఎప్పుడు, ఎంత విడుదల చేయాలన్న నిర్ణయం విద్యుత్ శాఖకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. అది డెల్టా రైతాంగంతో కూడా ముడిపడి ఉన్నది.

నది ప్రయాణం

మాడుగుల కొండలలో జన్మించిన మాచ్‌ఖండ్ నది మొదట ఉత్తర దిశగా పాడేరు మన్యం పీఠభూమి మీదుగా సాగుతుంది. పాడేరు ప్రాంతంలోని మత్స్యగుండం పుణ్యక్షేత్రం ఈ నదిపైనే ఉన్నది. నదికి ఆ పేరు అక్కడి నుండే వచ్చిందని ప్రతీతి. అటు తరువాత నది రెండు రాష్ట్రాలకు సరిహద్దుగా మారి, డుడుమ వద్ద 150 మీటర్లకు పైగా ఎత్తు నుండి ఇరుకైన అగాధంలోకి దూకుతుంది. ఈ జలపాతం దిగువన నైరుతి దిశకు మళ్లి సీలేరు అనే పేరుతో దట్టమైన అడవుల గుండా ప్రవహిస్తుంది. మోతు సమీపంలో, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు కలిసే ప్రాంతంలో, శబరి నదిలో సంగమిస్తుంది. శబరి చింతూరు మీదుగా సాగి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది.

మెట్లవలె అమరిన జలాశయాలు

ఈ లోయ విశిష్టత దాని వాలులో ఉన్నది. నదిపై నిర్మించిన జలాశయాల పూర్తిస్థాయి నీటిమట్టాలను చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

జోలాపుట్ – 2,750 అడుగులు
డుడుమ – 2,590 అడుగులు
బలిమెల – 1,516 అడుగులు
గుంటవాడ – 1,360 అడుగులు
డొంకరాయి – 1,037 అడుగులు

ఈ అంకెలు సముద్రమట్టం నుండి లెక్కించిన ఎత్తులే గాని జలాశయాల లోతు కావు. జోలాపుట్ నుండి డొంకరాయి వరకు నీటిమట్టాల మధ్య వ్యత్యాసం 1,713 అడుగులు. ఇందులో 1,074 అడుగులు డుడుమ, బలిమెల జలాశయాల నడుమనే ఉన్నది. ఒక కేంద్రంలో టర్బైన్లను తిప్పి బయటకు వచ్చిన నీరు దిగువ జలాశయంలో చేరి, మరో కేంద్రంలో మళ్లీ ఉపయోగపడుతున్నది.

మాచ్‌ఖండ్: తొలి ఉమ్మడి పథకం

1946లో నాటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం మాచ్‌ఖండ్ పథకానికి పునాది. నీటి నిల్వకు జోలాపుట్ వద్ద 34 టి.ఎం.సి.లకు పైగా సామర్థ్యంతో ఆనకట్టను, దాని దిగువన డుడుమ వద్ద మళ్లింపు ఆనకట్టను నిర్మించారు. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా ఒనకఢిల్లీ సమీపాన లోయ అడుగున విద్యుత్ కేంద్రం ఉన్నది. కొండపై నుండి కేంద్రానికి సిబ్బంది, సామగ్రి దిగడానికి వించ్ మార్గాన్ని ఏర్పాటు చేశారు. 1955లో నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ఈ కేంద్రాన్ని ప్రారంభించారు. 17 మెగావాట్ల యూనిట్లు మూడు, 23 మెగావాట్ల యూనిట్లు మూడు కలిపి దీని సామర్థ్యం 120 మెగావాట్లు.

తొలి ఒప్పందం ప్రకారం విద్యుత్తులో ఆంధ్ర వాటా 70 శాతం, ఒరిస్సా వాటా 30 శాతం. తన వాటాను 50 శాతం వరకు పెంచుకునే వెసులుబాటు ఒరిస్సాకు లభించింది. కేంద్రం ఆధునికీకరణపై 2020లో కుదిరిన ఒప్పందంలో ఉభయ రాష్ట్రాలు చెరి సగం ప్రాతిపదికను అంగీకరించాయి.

బలిమెల: నీటి పంపకం

1962 ఒప్పందం మేరకు చిత్రకొండ వద్ద ఉమ్మడిగా నిర్మించిన బలిమెల జలాశయం ఈ లోయలో నీటి లెక్కలకు కేంద్రస్థానం. ఇక్కడి నీటిలో రెండు రాష్ట్రాలకు సమాన వాటా ఉన్నది. ఒడిశా తన వాటాను సొరంగం ద్వారా 510 మెగావాట్ల బలిమెల విద్యుత్ కేంద్రానికి, అక్కడి నుండి పొట్టేరు నది ద్వారా మల్కనగిరి జిల్లా సాగుభూములకు మళ్లిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ వాటా సీలేరు నదిలోనే దిగువకు సాగుతుంది. పొట్టేరు కూడా శబరికి ఉపనది కావడం వలన, సాగుకు వినియోగమైనది పోగా మిగిలిన నీరు తిరిగి శబరిలోనే చేరుతున్నది.

సీలేరు సముదాయం

బలిమెల దిగువన ఏ.పి. జెన్‌కో ఆధ్వర్యంలో మూడు కేంద్రాలు ఉన్నాయి.

ఎగువ సీలేరు: గుంటవాడ జలాశయంపై ఆధారపడిన కేంద్రం. 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 240 మెగావాట్లు. తొలి రెండు యూనిట్లు 1967-68లోను, తరువాతి రెండు 1994-95లోను ఉత్పత్తి ప్రారంభించాయి.

డొంకరాయి: 25 మెగావాట్ల యూనిట్ ఒకటి. 1983లో ప్రారంభమైంది.

దిగువ సీలేరు: చింతూరు మండలం మోతుగూడెం సమీపంలోని పొల్లూరు వద్ద ఉన్నది. డొంకరాయి నుండి పవర్ కెనాల్ ద్వారా నీరు అందుతుంది. 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 460 మెగావాట్లు. ఇవి 1976-78 మధ్య ప్రారంభమయ్యాయి.

ఈ మూడింటి సామర్థ్యం 725 మెగావాట్లు. దిగువ సీలేరు వద్ద మరో రెండు 115 మెగావాట్ల యూనిట్ల విస్తరణ పనులను జెన్‌కో చేపట్టింది. ఎగువ సీలేరు వద్ద 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పథకాన్ని ప్రతిపాదించింది. విద్యుత్తు మిగులుగా ఉన్న వేళ దిగువ నీటిని ఎగువకు ఎత్తిపోసి, గిరాకీ పెరిగిన వేళ అదే నీటితో తిరిగి ఉత్పత్తి చేయడం ఈ విధానంలోని సూత్రం.

రబీ సాగుకు ఆధారం

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ కింద గోదావరి డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది. ఖరీఫ్‌లో నదీ ప్రవాహం పుష్కలంగా ఉంటుంది. డిసెంబరు తరువాత సహజ ప్రవాహం క్రమంగా తగ్గిపోతుంది. వరి పొట్టదశకు, గింజ పాలుపోసుకునే దశకు వచ్చే ఫిబ్రవరి, మార్చి మాసాలలో డెల్టా కాలువలు ప్రధానంగా సీలేరు నుండి వచ్చే నీటిపై ఆధారపడుతున్నాయి. జల వనరుల శాఖ కోరిన మేరకు జెన్‌కో విద్యుదుత్పత్తి ద్వారా నీటిని విడుదల చేస్తుంది. అవసరమైనప్పుడు, ఉత్పత్తితో నిమిత్తం లేకుండా, డొంకరాయి నుండి నేరుగా నదిలోకి కూడా విడుదల చేయడం జరుగుతున్నది.

ఇక్కడే రెండు అవసరాలను సమన్వయం చేయవలసి వస్తున్నది. జలవిద్యుత్ కేంద్రాలను కొద్ది నిమిషాలలోనే ప్రారంభించవచ్చు గనుక, సాయంకాలం వంటి అధిక గిరాకీ వేళల్లో గ్రిడ్‌కు ఇవి ఎంతో అక్కరకు వస్తాయి. అయితే శీతకాలంలో ఉత్పత్తి అధికంగా జరిగితే మార్చి నాటికి నిల్వలు తరిగి, పంట చివరి దశలో నీటికి ఎద్దడి ఏర్పడవచ్చు. నిల్వలను అట్టిపెట్టుకుంటే విద్యుత్తును ఇతర వనరుల నుండి సమకూర్చుకోవలసి ఉంటుంది. కావున రబీ ఆయకట్టు నిర్ణయానికి ముందే బలిమెలలో రాష్ట్ర వాటా, డొంకరాయి, గుంటవాడ నిల్వలను లెక్కలోకి తీసుకుంటారు.

వరదల వేళ

జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు సీలేరు నీరు శబరిని చేరుతుంది. గోదావరి కూడా పొంగుతున్నప్పుడు శబరి నీరు సులభంగా దిగలేక చింతూరు, కూనవరం ప్రాంతాలలో వెనుకకు తన్నుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 70 అడుగులు దాటినప్పుడు ఈ మండలాలు తీవ్రంగా ముంపునకు గురయ్యాయి. శబరి సంగమం భద్రాచలానికి దిగువన ఉన్నది. కాబట్టి ధవళేశ్వరానికి రాగల వరదను అంచనా వేయడానికి భద్రాచలం నీటిమట్టం ఒక్కటే చాలదు. శబరి ప్రవాహాన్ని కూడా పరిగణించవలసి ఉంటుంది.

లోయ ప్రజలు

ఈ లోయ గదబ, పరజ, బోండా తదితర గిరిజన తెగలకు నివాసం. జోలాపుట్, బలిమెల నిర్మాణాల వలన అనేక గ్రామాలు ముంపునకు గురై, గిరిజన కుటుంబాలు నిర్వాసితమయ్యాయి. బలిమెల జలాశయం విస్తరించడంతో ఒడిశా వైపు 151 గ్రామాలు మూడు దిక్కుల నీటితో, మరొక దిక్కున కొండలతో ప్రధాన భూభాగానికి దూరమయ్యాయి. దశాబ్దాల పాటు అక్కడి ప్రజలకు లాంచీలు, నాటుపడవలే శరణ్యమయ్యాయి. 2018 జూలైలో 910 మీటర్ల పొడవైన గురుప్రియ వంతెన ప్రారంభమైన తరువాతనే వారికి రోడ్డు మార్గం ఏర్పడింది. ఆరున్నర దశాబ్దాలకు పైగా ఈ లోయ అందిస్తున్న వెలుగును, సాగునీటిని లెక్కించేటప్పుడు, అందుకు తమ భూములను ఇచ్చిన ఈ గ్రామాలను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.