ముగ్గురు అమ్మాయిలు, ఒకటే స్కోరు: బెర్లిన్ 2023

వీరులపాడు నుంచి మాట్లాడుతున్నా. డార్ట్స్ ఆట తెలుసుగా, గోడకి బోర్డు తగిలించి చిన్న బాణాలు విసురుతారు. దేశాల జట్లతో దానికి వరల్డ్ కప్ 1977లో మొదలైంది. అందులో ఆడవాళ్ళ పోటీ మాత్రం 1983లో గానీ రాలేదు. మన వైపు ఆ ఆట పెద్దగా లేదు. కానీ దాని పెద్దక్క లాంటి గురి ఆట ఒకటుంది, విలువిద్య. అందులో ఆడవాళ్ళ జట్టు కథ చెప్పాలంటే నందిగామ దాటి హైవే పట్టుకుని విజయవాడ వెళ్తే చాలు. అక్కడి అమ్మాయే వెన్నం జ్యోతి సురేఖ. ఐదేళ్ళు నిండకముందే కృష్ణలో ఈది రికార్డు కొట్టిన పిల్ల, తర్వాత విల్లు పట్టింది.

తను వేసేది కాంపౌండ్ విల్లు. చివర్లలో చిన్న చక్రాలుంటాయి, తాడు పూర్తిగా లాగాక చేతి మీద బరువు తగ్గుతుంది. అందుకని తేలిక అనుకోకండి. 50 మీటర్ల దూరం, జట్టుకి 24 బాణాలు, అన్నీ పదులు పడితే 240. ముగ్గురి పాయింట్లూ కలిపి ఒకటే లెక్క. అంటే నాకు తొమ్మిది పడితే పక్కనున్న ఇద్దరి ఖాతాలో కూడా పడినట్టే.

ఇక అసలు కథ. ప్రపంచ ఛాంపియన్‌షిప్, 2017, మెక్సికో సిటీ. ఫైనల్లో కొలంబియా చేతిలో ఓటమి, రజతం. 2019లో నెదర్లాండ్స్‌లో కాంస్యం. 2021లో అమెరికాలోని యాంక్టన్, మళ్ళీ ఫైనల్, మళ్ళీ అదే కొలంబియా, మళ్ళీ రజతం. ఈ మూడు సార్లూ పక్కన నిలబడ్డ వాళ్ళు మారుతూ వచ్చారు, సురేఖ మాత్రం ఉంది. ఓడిన జట్టులో మిగిలిపోయి, కొత్తవాళ్ళతో మళ్ళీ మొదలెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. నాకైతే పతకాల కన్నా అదే పెద్ద విషయం.

2023 బెర్లిన్‌కి తనతో వచ్చింది పర్‌నీత్ కౌర్, అదితి స్వామి. అదితికి అప్పటికి 17 ఏళ్ళు! సెమీస్‌లో ఎదురైంది ఎవరనుకుంటున్నారు? కొలంబియానే. ఈసారి 220-216తో మనవాళ్ళు గెలిచారు. ఆగస్టు 4న ఫైనల్లో మెక్సికో మీద 235-229. 1931 నుంచి జరుగుతున్న ఆ పోటీల్లో భారత్‌కి మొట్టమొదటి స్వర్ణం అది. మగవాళ్ళ జట్టుకి కూడా అప్పటిదాకా రాలేదు, గమనించండి.

మర్నాడే ఇంకో తమాషా. వ్యక్తిగత సెమీస్‌లో సురేఖని ఓడించింది ఎవరో కాదు, అదితే. ఆ పిల్ల ప్రపంచ ఛాంపియన్ అయింది. సురేఖ ఏం చేసిందంటే, కాంస్యం మ్యాచ్‌లో పదిహేనుకి పదిహేను పదులు వేసి 150 కొట్టింది. ఓడిన కొద్ది గంటల్లోనే అండీ!

రెండు నెలల తర్వాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అదే ముగ్గురు, చైనీస్ తైపీ మీద 230-229. ఒక్క పాయింటు తేడా. అక్కడ సురేఖకి మొత్తం మూడు స్వర్ణాలు.

2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. కానీ ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కలిసి వేసే మిక్స్‌డ్ టీమ్ ఒక్కటే. బెర్లిన్‌లో గెలిచిన ఆ ముగ్గురమ్మాయిల పోటీకి అక్కడ ఇంకా చోటు లేదు.