రోసాల్బా కరియేరా: రంగుపొడిలో ముఖాలను నిలిపిన వెనిస్ చిత్రకారిణి

పాస్టెల్ రంగులతో ముఖచిత్రాలు గీయడాన్ని ఐరోపాలో గౌరవప్రదమైన వృత్తిగా నిలబెట్టిన వారిలో అగ్రగణ్యురాలు రోసాల్బా కరియేరా (1673–1757). ఆమె వెనిస్ నగరంలో ఓ సామాన్య కుటుంబంలో జన్మించారు. రాజులు, రాకుమారులు, రాయబారులు ఆమె చేత తమ రూపాలను చిత్రింపజేసుకోవాలని ఉవ్విళ్లూరారు. చిత్రకళా విద్యాలయాల తలుపులు స్త్రీలకు దాదాపుగా మూసి ఉన్న కాలమది. ఆ కాలంలో ఆమె తన చేతి పనితోనే కుటుంబాన్ని పోషించారు, మూడు ప్రముఖ కళా అకాడమీలలో సభ్యత్వం పొందారు. వార్ధక్యంలో మాత్రం ఆ వృత్తికి ఆధారమైన చూపునే కోల్పోయారు.

పాస్టెల్ అంటే ఏమిటి?

మెత్తగా నూరిన రంగుపొడికి తెల్లసుద్ద వంటి పదార్థాన్ని, కొద్దిపాటి చెట్టుబంకను కలిపి, పుల్లలుగా చుట్టి ఆరబెడితే పాస్టెల్ తయారవుతుంది. బడిపిల్లలు వాడే మైనపు క్రేయాన్లు, ఆయిల్ పాస్టెళ్లు దీనికి భిన్నమైనవి. తైలవర్ణ చిత్రంలో నూనె, నీటిరంగు చిత్రంలో బంక రంగును గట్టిగా పట్టి ఉంచుతాయి. పాస్టెల్‌లో ఆ పట్టు అతి స్వల్పం. కాగితపు గరుకుదనంలో చిక్కుకొని మాత్రమే రంగురేణువులు నిలుస్తాయి. ముగ్గు మీద చేయి తగిలితే గీత చెదిరినట్లే, పాస్టెల్ చిత్రమూ చిన్న స్పర్శకు చెదిరిపోతుంది.

ఈ బలహీనత వెనుకనే దాని బలమూ ఉంది. రంగు ఆరే వరకు వేచి ఉండనవసరం లేదు. తైలవర్ణ చిత్రానికి పొర మీద పొర ఆరుతూ రోజులు, వారాలు గడుస్తాయి. పాస్టెల్ చిత్రకారుడు మాత్రం ఎదుట కూర్చున్న వ్యక్తి ముఖంలోని భావం మారకముందే దాన్ని అందుకోగలడు. రంగులను కాగితం మీదనే వేలితో రుద్ది కలుపుతాడు. నూనె మెరుపు లేని ఆ పొడి ఉపరితలం మీద వెలుగు చెదిరి, చర్మపు మృదుత్వాన్ని తలపిస్తుంది. ముఖానికి, జుట్టుకు పౌడరు అద్దుకోవడం వేడుకగా ఉన్న పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా సంపన్నులకు ఈ మాధ్యమం అచ్చంగా అమరింది.

ముక్కుపొడుం డబ్బీల నుంచి అకాడమీ దాకా

రోసాల్బా తండ్రి ఆంద్రెయా ఓ గుమాస్తా. తల్లి ఆల్బా లేసు అల్లికలో నేర్పరి. ముగ్గురు ఆడపిల్లల్లో రోసాల్బా పెద్దది. అప్పట్లో ముక్కుపొడుం పీల్చడం ఐరోపా అంతటా నాగరికమైన అలవాటుగా ఉండేది. ఆ డబ్బీల మూతలకు చిన్న చిన్న చిత్రాలు అమర్చేవారు. రోసాల్బా తొలి సంపాదన ఆ సూక్ష్మచిత్రాల నుంచే వచ్చింది. సూక్ష్మచిత్రాలకు అంతవరకు ఎక్కువగా వాడుతున్న తోలుపత్రానికి బదులు పలుచని దంతపు పలకను ఉపయోగించిన తొలి చిత్రకారుల్లో ఆమె ఒకరు. పావురాన్ని పట్టుకున్న బాలిక సూక్ష్మచిత్రంతో 1705లో రోమ్‌లోని సెయింట్ లూక్ అకాడమీ సభ్యత్వం ఆమెకు లభించింది.

ఇదే కాలంలో ఆమె దృష్టి పాస్టెల్ వైపు మళ్లింది. అంతకుముందు చిత్రకారులు పాస్టెల్‌ను ప్రధానంగా నమూనాలు, చిత్తు రూపాలు గీసుకునేందుకు వాడేవారు. దాన్నే సంపూర్ణ చిత్రానికి సాధనంగా వాడి, ఐరోపా అంతటా గిరాకీ తెచ్చిన ఘనత రోసాల్బాది. వెనిస్‌లో గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఉన్న ఆమె ఇల్లే ఆమె చిత్రశాల. దేశ విదేశాల నుంచి నగరానికి వచ్చే ప్రభువులు, యువ ఆంగ్లేయ యాత్రికులు అక్కడ తమ ముఖచిత్రాలు గీయించుకొని వెళ్లేవారు. డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ వెనిస్ సందర్శించినప్పుడు ఆమెకు పని అప్పగించారు. సాక్సనీ యువరాజు, తరువాతి కాలంలో పోలెండ్ రాజు అయిన మూడో ఆగస్టస్ ఆమెకు అందరికన్నా పెద్ద పోషకుడయ్యారు. డ్రెస్డెన్‌లోని ఆయన సేకరణలో ఆమె పాస్టెళ్లు 150కి పైగా చేరాయి.

పారిస్‌లో ఏడాది

సంపన్న కళాసేకర్త పియెర్ క్రోజా ఆహ్వానం మేరకు 1720 వసంతంలో రోసాల్బా తల్లి, చెల్లెళ్లతో కలిసి పారిస్ చేరుకున్నారు. అప్పటికి పదేళ్ల బాలుడైన రాజు పదిహేనో లూయీ ముఖచిత్రాన్ని ఆమె గీశారు. అదే సంవత్సరం అక్టోబరులో ఫ్రెంచ్ రాయల్ చిత్ర, శిల్పకళా అకాడమీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. బొలోన్యా అకాడమీ గౌరవమూ ఆ ఏడాదే దక్కింది. మరణానికి చేరువవుతున్న చిత్రకారుడు ఆంత్వాన్ వాతో రూపాన్ని 1721లో ఆమె పాస్టెల్‌లో నిలిపారు. ఆ ఏడాది జులైలోనే ఆయన కన్నుమూశారు.

పారిస్‌లో ఆమె ఉన్నది సుమారు ఏడాది మాత్రమే. అయినా ఆమె ప్రభావం ఆ నగరంలో పాస్టెల్ మోజును రేకెత్తించింది. తరువాత ఫ్రాన్స్‌లో ఈ కళకు శిఖరంగా నిలిచిన మోరిస్ కాంతాఁ ద లా తూర్ అప్పటికి యువకుడు. రోసాల్బా సాధించిన విజయం ఆయన తరానికి దారి చూపింది. ఆమె మాత్రం పారిస్ ఆదరణకు లొంగక వెనిస్‌కే తిరిగి వచ్చారు. ఆ తరువాత 1723లో మోదెనాలో రాకుమార్తెల చిత్రాలు గీశారు. 1730లో వియన్నాలోని చక్రవర్తి ఆస్థానంలో కొన్ని నెలలు పనిచేశారు. ప్రయాణాలు ముగిసిన ప్రతిసారీ ఆమె చేరుకున్నది గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఉన్న తన ఇంటికే.

ఆమె దృక్పథం

రోసాల్బా చిత్రాల్లో సింహాసనాలు, యుద్ధరంగాలు, విశాలమైన భవనాలు కనిపించవు. తల, భుజాలు, సాదా నేపథ్యం మాత్రమే ఉంటాయి. చూపరి దృష్టి నేరుగా కళ్ల మీద, పెదవుల మీద నిలుస్తుంది. హోదాను ఆభరణాలు, వస్త్రాల అంచులు చెబుతాయి. వ్యక్తిని మాత్రం ముఖమే చెప్పాలన్నది ఆమె పద్ధతి. లేసు అల్లే ఇంట పెరిగిన ఆమె, పొడి రంగు పుల్ల అంచుతో నాలుగైదు తెల్లని గీతల్లో లేసును రూపుకట్టించారు.

ఇతరులను కొంత అందంగా చూపారన్న మాట ఉన్నా, తన విషయంలో ఆమె ఆ సౌలభ్యం తీసుకోలేదు. ఫ్లోరెన్స్‌లోని ఉఫీత్సీ సేకరణ కోసం గీసిన స్వీయచిత్రంలో ఆమె తన చెల్లెలు జొవాన్నా బొమ్మను చేతపట్టుకొని కనిపిస్తారు. జొవాన్నా అక్కకు పనిలో తోడుగా ఉండేవారు. తనను పోషించిన వృత్తినీ, ఆ వృత్తిలో తోడు నిలిచిన మనిషినీ రోసాల్బా ఒకే చిత్రంలో చేర్చారు. 1730 ప్రాంతంలో తనను శీతాకాలంగా చిత్రించుకున్నారు. నెరసిన జుట్టు, తెల్లని బొచ్చు అంచు, నిబ్బరమైన చూపు అందులో కనిపిస్తాయి. వయసును దాచే ప్రయత్నం ఎక్కడా లేదు.

ఆమె వివాహం చేసుకోలేదు. వృత్తి తన సమయమంతటినీ తీసుకుంటోందనీ, తన స్వభావమూ అటువైపు మొగ్గదనీ ఓ లేఖలో వివరించారు. ఫెలీచితా సార్తోరి వంటి యువతులకు చిత్రకళ నేర్పారు. ఆ శిష్యురాలు తరువాత డ్రెస్డెన్‌లో చిత్రకారిణిగా స్థిరపడ్డారు. తనకు ఏ విద్యాలయంలోనూ దొరకని శిక్షణను రోసాల్బా తన ఇంట్లో మరికొందరు స్త్రీలకు అందించారు.

చూపు కోల్పోయిన చివరి దశ

1730ల చివర్లో జొవాన్నాను, తల్లిని కోల్పోయిన రోసాల్బా తీవ్రంగా కుంగిపోయారు. 1746 నాటికి ఆమె చూపు మందగించింది. ఆ ప్రాంతంలోనే గీసిన స్వీయచిత్రంలో తలపై ఆకుల మాల, బిగిసిన పెదవులు, అలసిన కళ్లు కనిపిస్తాయి. ఈ చిత్రం నేడు వెనిస్ అకాడమీ చిత్రశాలలో ఉంది. శుక్లాలకు చేసిన శస్త్రచికిత్సతో కొంతకాలం చూపు తిరిగి వచ్చినా, అది నిలవలేదు. 1757 ఏప్రిల్ 15న అంధురాలిగానే ఆమె మరణించారు.

వారసత్వం

ఫ్రెంచ్ విప్లవం తరువాత ప్రభువర్గపు అభిరుచిగా ముద్రపడిన పాస్టెల్ కొంతకాలం వెనుకబడింది. పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో ఎద్గార్ దెగా, మేరీ కసాట్ దానికి మళ్లీ ప్రాణం పోశారు. భారతదేశంలో అవనీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తాలో ఇటాలియన్ ఉపాధ్యాయుడు ఒలింతో గిలార్ది వద్ద పాస్టెల్ నేర్చుకొని, 1890లలో ముఖచిత్రాలు గీశారు. ఆనాటి చిత్రాల్లో రవీంద్రుని రూపమూ ఉంది. స్వదేశీ చిత్రరీతికి ఆద్యుడిగా పేరొందిన తరువాత కూడా ఆయన ఆ పుల్లలను పూర్తిగా విడిచిపెట్టలేదు.

రోసాల్బా 350వ జయంతి సంవత్సరమైన 2023లో డ్రెస్డెన్ చిత్రశాల ఆమె పాస్టెళ్లతో ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. కాలక్రమంలో కొన్ని చేజారినా, ఆమె పాస్టెళ్ల అతిపెద్ద సేకరణ నేటికీ అక్కడే ఉంది. రంగును గట్టిపరచే ద్రవాలు పాస్టెల్ కాంతిని తగ్గిస్తాయి కాబట్టి, ఈ చిత్రాలకు గాజు పలకే ప్రధాన రక్షణ. వెలుతురు, తేమ, కుదుపు ఈ మూడూ వాటికి శత్రువులు. అందుకే మ్యూజియాలు వాటిని మసక వెలుతురులో ఉంచుతాయి, వీలైనంత వరకు కదపవు. చేయి తగిలితే రాలిపోయే ఆ రంగుపొడి దాదాపు మూడు శతాబ్దాలు నిలిచిందంటే, గీసిన చేతి నైపుణ్యంతో పాటు తరతరాలుగా కాపాడిన చేతుల శ్రద్ధా అందులో ఉంది.