రెండు పాసులు: స్టువర్టుపురం నుంచి తెనాలి కాలేజీ దాకా

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

మాది రేపల్లె. ఎరుకలోళ్లం. మా ఇంట్లో ఇంటర్ దాటింది నేనే మొదట. ఇప్పుడు హాస్టల్లో ఉండి డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నా. మొదటి ఏడు హాస్టల్ సీటు రాక రోజూ తెనాలికి అప్ అండ్ డౌన్ చేశా. పోను 34 కిలోమీటర్లు, రాను 34. పల్లెకోన, భట్టిప్రోలు, పెనుమర్రు, వేమూరు, జంపని, చినరావూరు, తర్వాత తెనాలి. స్టేషన్ల పేర్లు నిద్దట్లో అడిగినా చెప్తా. సగం నోట్సు రైల్లోనే రాశా.

ఈ ఏడు మా చెల్లికి కూడా తెనాలిలోనే సీటొచ్చింది. హాస్టల్ మాత్రం రాలేదు. ఇంట్లో గొడవ మొదలైంది. "ఆడపిల్ల రోజూ రైల్లో తిరగడమేంటి, చీకటి పడ్డాక ఇంటికి రావడమేంటి" అని నాన్న. "ఒక ఏడు ఆగితే హాస్టల్ వస్తదిలే" అని అమ్మ. ఏడాది ఆగిన ఆడపిల్లలు మళ్లీ కాలేజీకి పోవడం మా వీధిలో నేనైతే చూడలేదు. ఆ గొడవ ఎట్లా తీరిందో చివర్లో చెప్తా. దానికి ముందు మన వాళ్ల ప్రయాణాల చరిత్ర కొంచెం తెలియాలి.

మన వాళ్లకు తిరగడమే బతుకు. ఎరుకల్లో ఉప్పు ఎరుకల అనే శాఖ ఉంది. సముద్రం ఒడ్డున ఉప్పు తీసుకుని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు పోయి అమ్మేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవాళ్లు. బండి పోలేని చోటికి కూడా వీళ్ల గాడిద పోయేది. తర్వాత ఉప్పు మీద తెల్లదొరల ప్రభుత్వం పట్టు బిగించింది. రైళ్లొచ్చాయి. 1899కల్లా బెజవాడ నుంచి గూడూరు మీదుగా మద్రాసుకు రైలు దారి కలిసింది. తెనాలి, బాపట్ల, చీరాల అన్నీ ఆ దారి మీదే. గుంటూరు, తెనాలి, రేపల్లె లైను 1916లో వచ్చింది. గాడిద పది రోజులు మోసే ఉప్పును రైలు ఒక్క రాత్రిలో మోసేస్తే ఇంక మన వాళ్ల దగ్గర కొనేదెవరు? అంటే ఇవాళ మనం కాలేజీకి ఎక్కే రైలే ఒకప్పుడు మన తాతల వ్యాపారాన్ని దెబ్బకొట్టింది.

వ్యాపారం పోయినా తిరగడం మానలేదు. ఇక ఆ తిరగడాన్నే నేరం చేశారు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఒక తెగను మొత్తంగా నేరస్థ తెగ అని ప్రకటిస్తే చాలు, ఆ తెగలో పుట్టినవాడు ఏ తప్పూ చేయకపోయినా పోలీసు రిజిస్టర్లో పేరెక్కుతుంది. వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన టైముకి హాజరు పలకాలి, ఊరు మారితే చెప్పాలి. సెటిల్మెంటులో పెట్టే అధికారం, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో ఉంచే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి.

అట్లా 1913లో బాపట్ల, చీరాల మధ్య మన ఎరుకలోళ్ల కోసం సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి పెట్టిన సెటిల్మెంటే స్టువర్టుపురం. హెరాల్డ్ స్టువర్ట్ అనే మద్రాసు ప్రభుత్వ పెద్ద అధికారి పేరు పెట్టారు. నెల్లూరు వైపు కావలిలో, కర్నూలు వైపు సిద్ధాపురంలో కూడా ఇట్లాంటివి ఉండేవి.

మా అమ్మమ్మ పుట్టిల్లు స్టువర్టుపురమే. వాళ్ల నాయన చెప్పిన మాటలు ఆమె మాకు చెప్పేది. సెటిల్మెంటు దాటి పోవాలంటే పాసు ఉండాలి. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడు తిరిగొస్తావ్ అన్నీ అందులో రాయించుకోవాలి. టైము దాటి వస్తే శిక్ష. చీరాల పొగాకు కంపెనీలో కూలికి మాత్రం సెటిల్మెంటు నుంచి మనుషుల్ని పంపేవాళ్లు. మన వాళ్లకు దొరికిన మొదటి అప్ అండ్ డౌన్ అదే.

ఇక్కడ ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. బాపట్లలో వ్యవసాయ కాలేజీ 1945లో మొదలైంది. స్టువర్టుపురంలో రైలెక్కితే బాపట్ల ఎంతో దూరం కాదు, కొద్ది నిమిషాలే. అప్పటికి నేరస్థ తెగల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. మద్రాసు రాష్ట్రంలో దాన్ని 1947లో తీసేశారు. దేశమంతా పోయింది 1952 ఆగస్టు 31న. విముక్త దినం అని మనం జరుపుకునేది అందుకే. కాలేజీ తలుపు తెరిచిన రోజున, పక్కనే ఉన్న మన వాళ్లకి ఊరు దాటడానికే అనుమతి కావాలి. "మీ వాళ్లు చదువులో ఎందుకు వెనకబడ్డారు" అని ఎవరైనా అడిగితే ఈ తేదీ చెప్పండి.

చట్టం పోయినా చూపు పోలేదు. 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. 1970ల్లో హేమలతా లవణం గారు, లవణం గారు స్టువర్టుపురంలో మన వాళ్ల మధ్య పనిచేశారు. ఎన్నో కుటుంబాలు కొత్త జీవితం మొదలుపెట్టాయి. అయినా సినిమా వాళ్లకి ఆ ఊరంటే ఇంకా దొంగల కథే. నా మొదటి ఏడులో రైల్లో ఒక పెద్దాయన బాగానే మాట్లాడాడు. అరటిపండు కూడా పెట్టాడు. మాటల్లో మా అమ్మమ్మది స్టువర్టుపురం అన్నా. కాసేపయ్యాక చూస్తే ఆయన సంచి నా పక్క నుంచి కిటికీ వైపుకి పోయింది. ఆయన ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. వేమూరు దాకా పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నా.

పెద్ద చదువు దగ్గరికి రావడం కూడా ఈమధ్యదే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైనా 1930కి వాల్తేరు వెళ్లిపోయింది. మన వైపు వాళ్లు పీజీ చేయాలంటే అంత దూరం పోయి ఉండాల్సిందే. 1967లో గుంటూరులో పీజీ సెంటర్ పెట్టారు, 1976లో అది నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. అప్పటి నుంచే బాపట్ల, తెనాలి, రేపల్లె పిల్లలు పొద్దున రైలెక్కి గుంటూరులో దిగి, విజయవాడ బస్సు పట్టుకుని యూనివర్సిటీకి పోయి, రాత్రికి ఇంటికి చేరగలుగుతున్నారు. వచ్చే ఏడు పీజీకి నేనూ అక్కడికే పోవాలనుకుంటున్నా.

ఇప్పుడు మా ఇంటి గొడవ. నాన్న వద్దంటుంటే అమ్మమ్మ మూలన కూర్చుని బుట్ట అల్లుకుంటా వింటోంది. కాసేపాగి అంది: "మా నాయనకి పాసు ఇయ్యలేదని వాళ్లమ్మ సచ్చిపోతే సూట్టానికి పోలేకపోయినాడు. ఇప్పుడు ఈ పిల్లకి వాళ్లే పాసు ఇస్తన్నారు. అడ్డం మీరు నిలబడతన్నారు." నాన్న ఏమీ మాట్లాడలేదు. తర్వాతి సోమవారం చెల్లిని స్టేషన్లో దింపింది ఆయనే. సాయంత్రం రైలుకి కూడా గంట ముందే పోయి నిలబడ్డాడంట. ఇప్పటికీ రోజూ పోతాడు.

నాన్న భయం తప్పని నేననను. రైలు లేటైతే మొదటి పీరియడ్ పోతుంది, హాజరు తగ్గితే స్కాలర్‌షిప్ దగ్గర ఇబ్బంది. చీకట్లో స్టేషన్ నుంచి కాలనీకి నడక. అందుకే హాస్టల్ సీట్లు అడగడం మనం మానకూడదు. సీటు వచ్చేదాకా మాత్రం చదువు ఆపొద్దు.

చాలామందికి తెలియని సంగతులు రెండు చెప్తా. రైల్వేలో ఇంటి నుంచి కాలేజీకి డిగ్రీ దాకా చదివే అమ్మాయిలకు సెకండ్ క్లాస్ మంత్లీ సీజన్ టికెట్ ఉచితం. ఎస్టీ విద్యార్థులకు సీజన్ టికెట్ మీద 75 శాతం రాయితీ ఉంది. కాలేజీ నుంచి రాయితీ ఫారం నింపించి సంతకం, ముద్ర వేయించుకుని కౌంటర్లో ఇవ్వాలి. తెలియక నేను మొదటి రెండు నెలలు మామూలు టికెట్టే కొన్నా. బస్సుల్లో అయితే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వాటిల్లో టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే చాలు.

చెల్లి పాసు మొదటిరోజు అమ్మమ్మ చేతిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, "తిరిగొచ్చే టైము రాయలేదే" అంది.

మీ ఇళ్లల్లో కూడా పెద్దవాళ్లని ఆ పాసుల గురించి, హాజరు గురించి అడగండి. యానాది, సుగాలి, ఎరుకల, ఎవరైనా సరే. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కింద కామెంట్లో రాయండి. మీరు ఎక్కడి నుంచి ఎక్కడికి అప్ అండ్ డౌన్ చేస్తున్నారో కూడా రాయండి. ఒకే రైల్లో పోయే మన పిల్లలు ఒకరికొకరు తెలిస్తే, మా చెల్లిలాంటి వాళ్ల ఇళ్లల్లో భయం కొంతన్నా తగ్గుతుంది.