ఒకసారి చూసిన వస్తువే ఫోన్‌లో వెంటపడుతోందా? కుకీలు చేసే పని ఇదే..

ఆన్‌లైన్ షాపింగ్ సైట్‌లో ఓ మిక్సీ చూసి, కొనకుండానే బయటకు వచ్చేస్తారు. ఆ తర్వాత వార్తలు చదివినా, వంటల సైట్ తెరిచినా అదే మిక్సీ యాడ్. ఫోన్ మన మాటలు వింటోందా అని చాలామందికి డౌట్. నిజానికి ఇందుకు మైక్‌తో పనే లేదు. కుకీలు చాలు.

కుకీ అంటే వైరస్ కాదు. సైట్ మన బ్రౌజర్‌లో దాచే చిన్న టెక్స్ట్ ముక్క, సాధారణంగా 4 కేబీ లోపే. గుడి బయట చెప్పుల స్టాండ్‌లో ఇచ్చే టోకెన్ లాంటిదన్నమాట. టోకెన్ మీద మన పేరు ఉండదు. కానీ అది చూపిస్తే ఏ చెప్పులు మనవో వాళ్లకు తెలిసిపోతుంది.

1994లో నెట్‌స్కేప్ ఇంజినీర్ లూ మోంటుల్లి వీటిని తయారు చేశారు. కారణం షాపింగే. అప్పట్లో పేజీ మారిన ప్రతిసారీ వచ్చింది పాత కస్టమరో, కొత్త కస్టమరో వెబ్‌సైట్‌కు తెలిసేది కాదు. కార్ట్‌లో వేసిన సరుకు గుర్తుండాలంటే ఏదో ఒక గుర్తు కావాలి. ఇప్పటికీ కార్ట్, లాగిన్ నడిచేది ఎక్కువగా వీటి మీదే. అన్నీ బ్లాక్ చేస్తే కొనడమే కష్టం.

చిరాకు తెప్పించేవి థర్డ్ పార్టీ కుకీలు. షాప్ పేజీలో యాడ్ కంపెనీ కోడ్ కూడా ఉంటుంది. అది తన టోకెన్ పెడుతుంది. అదే కంపెనీ యాడ్లు వేసే వేరే సైట్‌కు వెళ్తే, 'మిక్సీ చూసింది ఈ బ్రౌజరే' అని పట్టేస్తుంది. ఆపిల్ సఫారీ 2020లోనే వీటిని పూర్తిగా బ్లాక్ చేసింది. క్రోమ్‌లోనూ తీసేస్తామన్న గూగుల్, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024లో వెనక్కి తగ్గింది. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి థర్డ్ పార్టీ కుకీలను తామే బ్లాక్ చేసుకోవాలి. షాపింగ్ మామూలుగానే సాగుతుంది.

యాడ్ల సంగతి సరే, అసలు ప్రమాదం వేరే ఉంది. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవే కదా! నెట్ సెంటర్‌లో లాగిన్ అయి, లాగౌట్ చేయకుండా లేచి వస్తే లాగిన్ కుకీ ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. తర్వాత కూర్చున్నవాళ్లకు పాస్‌వర్డ్, ఓటీపీ ఏవీ లేకుండానే ఇంటి అడ్రస్, పాత ఆర్డర్లు కనిపించొచ్చు. కుకీలు దొంగిలించే మాల్‌వేర్‌లు చేసేదీ ఇదే. ఎక్కడో లాగిన్ వదిలేశామని అనుమానం వస్తే, చాలా సైట్లలో అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ అయ్యే ఆప్షన్ ఉంటుంది. వెంటనే అది నొక్కాలి.

ఇన్‌కాగ్నిటో విండో మూసేస్తే అందులోని కుకీలు పోతాయి. అయితే లాగిన్ అయి కొన్నవి కంపెనీ రికార్డులో అలాగే ఉంటాయి. బ్రౌజర్‌లో కుకీలు డిలీట్ చేసినా అంతే.

బ్రౌజర్ కాకుండా షాపింగ్ యాప్ వాడేవాళ్ల లెక్క వేరు. అక్కడ కుకీ పనిని ఎక్కువగా ఫోన్‌లోని అడ్వర్టైజింగ్ ఐడీ చేస్తుంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని యాడ్స్ విభాగంలో దీన్ని డిలీట్ చేయొచ్చు.