కృష్ణవేణి పాత దారులు – పటముల సాక్ష్యము



దేవాలయమున ఏ అర్చన ఆరంభించినను ముందుగా సంకల్పము చెప్పవలెను. అందులో కాలముతోబాటు దేశమును కూడ నిర్దేశింతుము. క్రోసూరు వాసులమగు మనము శ్రీశైలమునకు ఈశాన్యమున, కృష్ణా కావేరీ నదుల నడుమ ఉన్నామని చెప్పుకొందుము. కృష్ణ దాటి ఆవలి గట్టున కూర్చున్న అర్చకుడు గోదావరీ కృష్ణల నడుమ అని మార్చుకొనవలెను. కనుక నది ఎటుగా ప్రవహించుచున్నదనునది మనకు భూగోళ పాఠము మాత్రమే కాదు, కర్మాంగము. ఆ నది దారి మార్చుకొన్నచో?

నదులు దారి మార్చుట వింత కాదు. వంగదేశమున తీస్తా నది పూర్వము దక్షిణముగా పోయి గంగలో కలిసెడిది. 1787 నాటి వరదలలో తూర్పుకు మళ్లి బ్రహ్మపుత్రను చేరినది. అంతకు కొద్ది ఏండ్ల ముందే జేమ్స్ రెన్నెల్ అను సర్వేయరు ఆ ప్రాంతమును కొలిచి పటములు సిద్ధపరచుటచేత, పాత ప్రవాహము ఎక్కడ ఉండెనో నేటికిని చెప్పగలుగుచున్నారు.

మన కృష్ణవేణి అంత చపల కాదు. నల్లమలలో లోతైన లోయల వెంట వచ్చునప్పుడు ఆ తల్లికి అటునిటు కదలుటకు చోటే లేదు. కొండలు విడిచిన తరువాతనే ఇసుక మేటలు వేయుచు, లంకలు కట్టుచు, పాయలుగా చీలుచు సాగును. మనకు తూర్పున, అమరావతి ప్రక్కనున్న ధరణికోటలో దీనికి గట్టి నిదర్శనమున్నది. 1962–65 నడుమ భారత పురావస్తు శాఖవారు అచ్చట త్రవ్వకములు జరుపగా, గట్టినేలను తొలిచి చేసిన ఓడకాలువ యొకటి బయటపడినది. దాని గట్టున మొదట కొయ్యతోను, పిమ్మట ఇటుకతోను కట్టిన రేవు కలదు. కృష్ణలో వచ్చిన పడవలు ఆ కాలువ ద్వారా శాతవాహనుల ధాన్యకటకమునకు చేరెడివి. నేడు అది ఒండ్రు క్రింద కప్పబడిన పాత జలమార్గము.

ఈ సీమకు పటములు వ్రాయించిన ఘనత కల్నల్ కాలిన్ మెకంజీది. పద్దెనిమిదవ శతాబ్ది చివర ఆయన అమరావతిని దర్శించెను. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అచ్చట నూతన నగరమును నిర్మించుచున్న రోజులవి. 1815లో మెకంజీ భారతదేశమునకు తొలి సర్వేయరు జనరలు అయ్యెను. మరుసటి సంవత్సరము మొదలుకొని ఆయన మనుష్యులు అమరావతి స్తూపమును, పరిసరములను కొలిచి చిత్రించిరి. ఆ చిత్రముల సంపుటము లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా ఉన్నది. ఆయన కొలువులోని తెలుగువారు, కావలి సోదరులు మొదలగువారు, కరణముల వద్దనుండి కైఫీయతులు సేకరించిరి. పటము గీతను చూపును. కైఫీయతు ఆ గీతకు పేరు చెప్పును. రెండును ప్రక్కప్రక్కన ఉంచి చదువవలెనని నా అభిప్రాయము.

పాత పటమును నేటి పటముపై పరచుటకు కదలని గుర్తులు కావలెను. కొండ, కోట, దేవాలయము – ఇవియే ఆ గుర్తులు. వానిని ఒకదానిపై నొకటి సరిపెట్టినపుడు కొండ కొండమీద, గుడి గుడిమీద కూర్చుండును. నది గీత మాత్రము కొన్నిచోట్ల తప్పుకొనును. ఆ తప్పిన మేరయే నది నడచిన దూరము. అయితే వేసవిలో గీసిన పటమున సన్నని పాయ, వరదనాడు గీసినచో విశాలమైన నీరు కనబడును గనుక, ఏ ఋతువున కొలిచిరో విచారింపక తీర్మానింపరాదు. ఉపగ్రహ ఛాయాచిత్రములలో తేమ చారలుగా కనబడు పాత పాయలను, లంక, దిబ్బ, రేవు అను ఊరి పేళ్లను కూడ కలిపి చూడవలెను.

ఆలయములు గుర్తులైనవంటిని. 1802లో మద్రాసున లాంబ్టన్ ఆరంభించిన త్రికోణమితి సర్వేలో మన గోపురములు ఎంతగానో అక్కరకు వచ్చినవి. 1808లో ఆయన మహాయంత్రమును తంజావూరు ఆలయముపైకి ఎక్కించుచుండగా అది గోడకు కొట్టుకొని దెబ్బతిన్నది. స్వామివారికి ఇష్టము లేకపోయెనేమో!

దాతలు గమనింపదగిన విషయమొకటి కలదు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను నాటి రిజిస్టర్లే నేటికిని దేవుని మాన్యములకు మూలాధారము. హద్దు వాగు అని వ్రాసియున్నచోట వాగు జరిగినచో, హద్దు జరిగినదా లేదా అను తగవు పుట్టును. అప్పుడు సాక్ష్యము చెప్పునది నాటి పటమే. అందుచేత ఈ జీర్ణోద్ధరణ సందర్భమున శిఖరమునకు, ధ్వజస్తంభమునకు పెట్టిన శ్రద్ధలో కొంత మాన్యముల క్షేత్రపటముల నకళ్లు తీయించుటకును పెట్టవలెనని కోరుచున్నాను.

నాగార్జునకొండ మునుగకముందు, 1954–60 నడుమ, విస్తృతముగా త్రవ్వి పటములు వ్రాసిరి. కొన్ని కట్టడములను కొండపైకి, అనుపునకు తరలించిరి. మనకు ఉత్తరమున పులిచింతల జలాశయము 2013 డిసెంబరులో ప్రారంభమైనది. 45 టి.ఎం.సి.లకు పైబడిన ఆ నీటి క్రింద పాత గట్టులు, పాత ఊళ్లు ఉన్నవి. ఆ ముంపు గ్రామములనుండి వచ్చి స్థిరపడిన భక్తులెవరివద్దనైనను తమ ఊరి పాత పటముగాని, గుడి మాన్యపు కాగితముగాని ఉన్నచో, ఆలయమునకు తెచ్చి చూపినచో నకలు తీయించి భద్రపరచెదము.