తామరాకు శుభ్రత వెనుక మైనం

తామరాకు మీద నీటిబొట్టు నిలవదని మన దేశంలో పిల్లలకు కూడా తెలుసు. ఎందుకు నిలవదంటే మాత్రం ఆకు నున్నగా ఉంటుంది కాబట్టి అనేస్తాం. నిజం దీనికి పూర్తిగా విరుద్ధం. అది తేలింది 1970ల్లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మొదలైన ఒక పనిలోంచి.

విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ అప్పుడు యువ వృక్షశాస్త్రజ్ఞుడు. మొక్కల ఉపరితలాలను స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, వాటి పోలికలను బట్టి మొక్కల బంధుత్వాలు తేల్చాలని ఆయన ప్రయత్నం. ఆ మైక్రోస్కోపు కింద చిన్న ధూళికణం కూడా బండరాయిలా కనిపిస్తుంది కాబట్టి ఆకులను ముందుగా కడగాలి. నున్నటి ఆకులను ఎంత కడిగినా మురికి మిగిలేది. మైనపు స్ఫటికాలతో గరుకుగా ఉన్న ఆకులకు మాత్రం, వాటిలో తామరాకుకు మరీ ముఖ్యంగా, కడగాల్సిన పనే ఉండేది కాదు. పని తప్పిందని సంతోషించి ఎవరైనా అక్కడితో వదిలేస్తారు. ఆయన వదల్లేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది అదే. 1977లో ఏలర్‌తో కలిసి ప్రచురించిన రచనలో ఈ సంగతి నమోదు చేశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఆకుల మీది మైనం అప్పటికే కొత్త సంగతి కాదు. 1871లోనే ఆంటన్ డి బారీ మామూలు మైక్రోస్కోపుతో దాన్ని పరిశీలించి, సూదులు, కడ్డీలు, రేణువులు, పొరలు అంటూ రకాలు విడదీశారు. ఆ ఆకారాలను చెక్కేది ఎవరన్నదే ప్రశ్న. బ్రిటన్‌లో జెఫ్రీ, బేకర్, హాలోవే 1975లో చక్కటి జవాబు ఇచ్చారు. మైనాన్ని ద్రావకంలో కరిగించి ఆరనిస్తే, ఆకు లేకుండానే స్ఫటికాలు మళ్లీ అవే ఆకారాల్లో ఏర్పడ్డాయి. అంటే ఆకారం రసాయనంలోనే ఉంది. ఆకు చర్మకణాల్లో కొవ్వు ఆమ్లాల గొలుసులు రెండేసి కర్బన పరమాణువుల చొప్పున పొడవవుతాయి. కొన్నిట్లో 30 దాకా పెరిగిన గొలుసు చివర ఒకటి ఊడి 29 మిగులుతుంది. చివర ఆల్కహాల్ గుంపు ఉన్న గొలుసులు సాధారణంగా పలకల్లా పేరుకుంటాయి. వరి, గోధుమ ఆకుల మీద చూడొచ్చు. అదే గుంపు గొలుసు మధ్యలో, పదో కర్బనం దగ్గర ఉంటే సన్నటి గొట్టాలు తయారవుతాయి. నోనకోసాన్-10-ఆల్ అలాంటిదే.

తామరాకు పైభాగాన్ని దగ్గరగా చూద్దాం. చర్మకణాలు ఒక్కొక్కటీ మొటిమలా పైకి లేచి ఉంటాయి. ఆ మొటిమల మీద, వాటి మధ్య, సుమారు 100 నానోమీటర్ల మందంలో మైనపు గొట్టాలు దట్టంగా నిలబడి ఉంటాయి. ఈ మైనంలో ఎక్కువ భాగం రెండు ఆల్కహాల్ గుంపులున్న డయోల్స్. అందుకే ఇది 90 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. పత్రరంధ్రాలు కూడా ఆకు పైనే ఉంటాయి కాబట్టి అది తడవకుండా ఉండడం తామరకు ప్రాణావసరం.

నీటిబొట్టు ఆ గొట్టాల కొనల మీద మాత్రమే ఆనుతుంది, కింద గాలి నిలిచి ఉంటుంది. నున్నటి మైనం మీద బొట్టు అంచు 110 డిగ్రీల కోణానికి మించదు. తామరాకు మీద 160 దాకా పోతుంది, దాదాపు పూర్తి గోళం. ఇలాంటి గరుకు తలాల లెక్కను కాసీ, బాక్స్టర్ 1944లోనే ఇచ్చారు. ధూళి కూడా కొనలకే ఆనుతుంది కనుక దాని పట్టు బలహీనం. దొర్లే బొట్టు దాన్ని తనకు అంటించుకుని పోతుంది. నున్నటి ఆకు మీదైతే బొట్టు జారుతుంది, మురికి మాత్రం అక్కడే ఉండిపోతుంది.

బాన్‌లో క్రిస్టోఫ్ నైన్‌హూస్‌తో కలిసి బార్ట్‌లాట్ దీన్ని ప్రయోగాలతో నిరూపించారు. తామర, చేమ, క్యాబేజీ ఆకుల మీద ధూళి చల్లి కృత్రిమ వర్షం కురిపిస్తే దాదాపు అంతా కొట్టుకుపోయింది. నున్నటి మాగ్నోలియా, బీచ్ ఆకుల మీద చాలా మిగిలింది. ఆ వ్యాసం 1997లో ప్లాంటా పత్రికలో వచ్చింది. మొదటి గమనిక నుంచి అక్కడికి ఇరవై ఏళ్లు! 1999లో ఇదే సూత్రంతో గోడల రంగు మార్కెట్లోకి వచ్చింది.

ఈ కవచానికి సబ్బు శత్రువు. క్యాబేజీకి మందు కొట్టే రైతుకు తెలుసు, వట్టి మందునీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, అందుకే సబ్బులా పనిచేసే స్టిక్కర్ కలుపుతారు. నీటి తలతన్యత తగ్గితే నీరు మైనపు కొనల మధ్యకు దిగి ఆకుకు అంటుకుంటుంది.

వేలితో రుద్దినా ఆ గొట్టాలు చితికిపోతాయి, అక్కడ బొట్టు నిలుస్తుంది. అయితే గోడకు లేని వసతి ఆకుకు ఉంది. నైన్‌హూస్, కోఖ్, బార్ట్‌లాట్ 2001లో చూపినదాని ప్రకారం, ఆకు చర్మం మీది పైపొర అయిన క్యూటికిల్ గుండా బయటికి ఆవిరయ్యే నీటితో పాటే మైనం కూడా పైకి చేరుతుంది, అక్కడ మళ్లీ స్ఫటికాలు కడుతుంది. కొన్ని మొక్కలు ఈ మరమ్మతు జీవితాంతం చేసుకుంటాయి, కొన్ని ఆకు లేతగా పెరుగుతున్నంత కాలమే. ఇంకొన్నిటికి ఒకసారి పోయిన మైనం తిరిగి రాదు.