పలక పట్టని చేతికి లెక్కలు

రాయడం వస్తేగాని లెక్కలు రావన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. పలకా బలపంతో మొదలై, నోటుబుక్కుల మీదుగా గ్రాఫు కాగితాల దాకా మన చదువులు సాగాయి కనుక ఆ నమ్మకం సహజమే. కానీ అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మనకు అది ఒక్కొక్కసారి పెద్ద చిక్కే తెచ్చిపెడుతుంది. వర్క్‌షీటు నింపలేని పిల్లవాణ్ణి లెక్కల్లో వెనకబడ్డాడని అనేస్తారు. ఆ వెనకబాటు లెక్కలో ఉందా, చేతివేళ్ళలో ఉందా అని విడదీసి చూసేవారు తక్కువ.

మా ఇంట్లోనే ఇది జరిగింది. న్యూజెర్సీలో ఉంటున్న మా అమ్మాయి కొడుక్కి ఆరో ఏడు వచ్చినా పెన్సిలు పట్టు కుదరలేదు. మూడు అంకె వేయబోతే కాగితం చిరిగేది. లెక్కల్లో బలహీనుడని బడి నుంచి కబురొచ్చింది. ఆ పిల్లవాడే ఆదివారం పొద్దున్న ఆరుగురికి తలా రెండు ఇడ్లీలంటే పన్నెండు కావాలనీ, తాతయ్య వద్దన్నాడు కాబట్టి పది చాలనీ వాళ్ళమ్మకి చెప్పేవాడు. ఈ రెండు మాటలకీ పొంతన కుదరక, రిటైరైన తీరికలో పాత పుస్తకాలు తిరగేశాను. అక్కడ దొరికిన చరిత్రలో కొంత మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

ఆవు తోక మీద వెంట్రుకలు

థామస్ ఫుల్లర్ 1710లో ఆఫ్రికాలో పుట్టాడు. పద్నాలుగేళ్ళ వయసులో బానిసగా అమెరికా చేరి, వర్జీనియాలో అలెగ్జాండ్రియా దగ్గర ఒక పొలంలో జీవితాంతం పనిచేశాడు. అతనికి చదవడం గాని, రాయడం గాని రాదు. అతని గురించి విని పెన్సిల్వేనియా పెద్దమనుషులు కొందరు చూడడానికి వెళ్ళారు. ఏడాదిన్నరలో ఎన్ని సెకన్లని అడిగితే, రెండు నిమిషాల్లో 4,73,04,000 అన్నాడు. డెబ్బై ఏళ్ళ పదిహేడు రోజుల పన్నెండు గంటలు బతికిన మనిషి ఎన్ని సెకన్లు బతికినట్టని అడిగితే, నిమిషంన్నరలో 221,05,00,800 అన్నాడు. కాగితం మీద లెక్క కడుతున్న ఒకాయన అంత ఉండదని అడ్డు తగిలాడు. లీపు సంవత్సరాలు మరిచిపోయారని ఫుల్లర్ గుర్తు చేశాడు. కాగితమే తప్పింది.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన వైద్యుడు బెంజమిన్ రష్ 1788లో ఈ వృత్తాంతాన్ని లోకానికి తెలియజేశాడు. నల్లవారికి బుద్ధి తక్కువన్న వాదానికి బానిసత్వ వ్యతిరేకులు దీన్ని జవాబుగా చూపారు. ఫుల్లర్ చెప్పుకున్న ప్రకారం, ముందు పది దాకా, తర్వాత వంద దాకా లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఒక ఆవు తోక వెంట్రుకలు లెక్కపెడితే 2,872 తేలాయట. అతను గణన విద్యను ఆఫ్రికా నుంచే వెంట తెచ్చుకుని ఉంటాడని జాన్ ఫావెల్, పౌలస్ గెర్డెస్ అనే చరిత్రకారులు 1990లో వాదించారు. వలస వచ్చినవాడి సామానులో కంటికి కనిపించనిది ఇదొకటి.

బొటనవేళ్ళతో మొదలు

ఆ రోజుల్లో అమెరికా బడుల్లో పది పదకొండేళ్ళు వస్తేగాని అంకగణితం మొదలయ్యేది కాదు. పంతులు చెప్పిన సూత్రాన్ని, దాని కింద లెక్కని కుర్రవాడు ఒక పుస్తకంలో చక్కని దస్తూరీతో ఎక్కించుకోవాలి. దస్తూరీ కుదరనివాడికి, ఆ బెంచీల దాకా రానివ్వని ఆడపిల్లలకి లెక్కల తలుపు మూసే ఉండేది.

ఆ తలుపు తెరిచినవాడు వారెన్ కోల్‌బర్న్. మసాచుసెట్స్‌లోని డెడమ్‌లో 1793లో పుట్టి, 1820లో హార్వర్డ్ చదువు ముగించి, బోస్టన్‌లో బడి నడిపాడు. 1821లో ఆయన అచ్చు వేసిన చిన్న అంకగణితం స్విట్జర్లాండ్ విద్యావేత్త పెస్టలాట్జీ పద్ధతిని అనుసరించింది. అయిదారేళ్ళ పిల్లలకోసం రాసిన ఆ పుస్తకంలో సూత్రాలు లేవు, ప్రశ్నలే ఉన్నాయి. మొదటి ప్రశ్నలు పిల్లవాడి బొటనవేళ్ళ గురించే. నోటితో అడగాలి, నోటితోనే చెప్పాలి. చెప్పలేకపోతే బఠాణీ గింజల్లాంటివి ముందు పోయాలి. అంకెలు రాయడం ఆ తర్వాతి సంగతి. ఈ పుస్తకం అమెరికాలో లక్షల ప్రతులు అమ్ముడుపోయింది.

బళ్ళారి నుంచి న్యూయార్కు దాకా

కోల్‌బర్న్ పుస్తకం వచ్చిన రెండేళ్ళకి, 1823 ఆగస్టులో, బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల గురించి మద్రాసుకు ఒక నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. అక్కడి తెలుగు, కన్నడ వీధిబడుల్లో అయిదేళ్ళ పిల్లవాడు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. లెక్కల్లో నోటి వల్లింపు కూడా ఉండేది. కూడిక, గుణకార ఎక్కాలు, కొలతలు, తూనికలు, భిన్నాలు అన్నీ రోజుకు రెండుసార్లు వరుసలో నిలబడి, పెద్ద పిల్లవాడు చెబుతుంటే అందరూ వల్లించేవారు. ఆ భిన్నాలు పదుల చొప్పున కాక నాలుగుల చొప్పున దిగేవని ఆయన ప్రత్యేకంగా రాశాడు. పావులో పావు వీసం అని మన అమ్మమ్మలు అనేది ఆ లెక్కే.

ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం తగినదేనని కూడా క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఆ అనుకరణకు దారి చూపినవాడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులో సైనిక అనాథ బాలుర ఆశ్రమం నడుపుతూ, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ అదే పెట్టాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. జోసెఫ్ లాంకాస్టర్ బడుల్లోకీ ఇసుక బల్లలు వచ్చాయి. 1806లో న్యూయార్కులో పేదపిల్లల కోసం లాంకాస్టర్ పద్ధతి బడి తెరిచారు. మనం విమానమెక్కక ముందే మన దక్షిణాది ఇసుక ఈ దేశం చేరిందన్నమాట.

ఇంగ్లీషు రాని ఇళ్ళ పిల్లలు

న్యూహాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ నగరంలో బడుల సూపరింటెండెంటు లూయీ బెనెజెట్ 1929లో ఒక ప్రయోగం చేశాడు. కొన్ని తరగతుల్లో ఆరో తరగతి దాకా పద్ధతి ప్రకారం చెప్పే అంకగణితాన్ని తీసేశాడు. బదులుగా పిల్లల చేత మాట్లాడించాడు, ఎత్తులు, దూరాలు అంచనా వేయించాడు, గడియారం, డబ్బు, క్యాలెండరు చూపించాడు. ఇందుకు ఎంచుకున్నది వలస కుటుంబాల పిల్లలున్న బడుల్ని. ఇంగ్లీషు బాగా తెలిసిన తల్లిదండ్రులైతే గొడవ చేస్తారని ఆయనే ఒప్పుకున్నాడు. చివరికి ఆ పిల్లలు ఆరో తరగతిలో కొద్ది నెలల్లోనే తక్కినవారిని అందుకున్నారు. 1935, 1936 సంవత్సరాల్లో ఆయన ఈ కథంతా వ్యాసాలుగా రాశాడు. ఎక్కాలు అసలు వద్దన్నంత దూరం నేను వెళ్ళలేను. పెన్సిలు కొంత ఆగినా పిల్లవాడి బుద్ధి ఆగదన్నంత వరకు నమ్ముతాను.

మా ఇంట్లో ఏం చేశాం

నాలుగు గవ్వలు తెచ్చాం. వేయగానే ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టకుండా చెప్పాలి. తర్వాత వామనగుంటలు. రెండు వరుసలు, వరుసకి ఏడు గుంటలు. చేతిలో చింతగింజలు చూసుకుని, చివరి గింజ ఏ గుంటలో పడుతుందో ముందే చెప్పాలి. దోసెని నాలుగు ముక్కలు చేసి పావు, అర, ముప్పావు. అంకె గుర్తుపట్టడం వేరు, గీయడం వేరు కనుక ఫ్రిజ్ మీద అయస్కాంతం అంకెలు పెట్టి, జవాబుకి సరైన అంకె జరిపించేవాళ్ళం. కారులో రెండో ఎక్కం, మూడో ఎక్కం రాగం తీసేవాళ్ళం.

లెక్కపెట్టించింది తెలుగులోనే. ఇంగ్లీషులో ఇలెవెన్, ట్వెల్వ్ అన్నప్పుడు అందులో పది ఉందని పిల్లవాడికి వినపడదు. పదకొండులో పది వినిపిస్తుంది. ఇరవై ఒకటి అంటే ఇరవై మీద ఒకటి అని మాటే చెబుతుంది.

బడితో కూడా మాట్లాడాల్సి వచ్చింది. 1975 నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టం, 1990లో ఐడియా అని పేరు మారింది, వైకల్యం ఉన్న పిల్లలకి తగిన చదువు ఉచితంగా చెప్పాలంటుంది. పిల్లవాణ్ణి పరీక్షించమని తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడగవచ్చు. మా అమ్మాయి అడిగింది. చేతివేళ్ళకి ఆక్యుపేషనల్ థెరపీ మొదలైంది, లెక్కల జవాబులు నోటితో చెప్పడానికి ఒప్పుకున్నారు. "వీడికి లెక్కలు వచ్చు" అని మొదటిసారి బడివాళ్ళ నోట విని మా అమ్మాయి ఆ పూట ఫోనులో ఏడ్చేసింది. వాడికిప్పుడు ఎనిమిదేళ్ళు. రాత ఇంకా మెల్లగానే సాగుతోంది.

ఈ సభలకు వచ్చినవారిలో ఆరు నెలల వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యలు చాలామంది ఉంటారు. కారు నడపలేం, ఇంగ్లీషు రాదు, మేం ఇక్కడ దేనికి పనికొస్తామని కొందరు నాతో అన్నారు. మీ నోటికి ఎక్కాలు వచ్చు, వీసం ఎంతో తెలుసు, వామనగుంటలు ఆడటం తెలుసు. మీ మనవడికో, మనవరాలికో పెన్సిలు పట్టు కుదరకపోతే ఈ సాయంత్రమే గుప్పెడు గింజలు పోసి పక్కన కూర్చోబెట్టుకోండి.